తేలిక నాఫ్తా, జింకు జియోలైట్: చెయ్యి తప్పే చోట్లు

రామాయపట్నం రిఫైనరీ కబుర్లు ఎటు చూసినా వినబడుతున్నాయి కాబట్టి నాఫ్తా (ముడిచమురు నుంచి వచ్చే పెట్రోలు లాంటి ద్రవం) సంగతి కాస్త లోతుగా చూద్దాం. ప్లాటినం ఎక్కించిన అల్యూమినా మీద నడిచే మామూలు రిఫార్మర్‌కు (నాఫ్తాను బెంజీన్ లాంటి వలయాల ఆరోమాటిక్స్‌గా మార్చే యంత్రానికి) బరువు నాఫ్తాతో పేచీ లేదు. ఐదారు కార్బన్ల తేలిక నాఫ్తా దగ్గరే మొరాయిస్తుంది. ల్యాబులో దీనికి జింకు ఎక్కించిన జెడ్‌ఎస్‌ఎం-5 అనే జియోలైట్ (అల్యూమినియం, సిలికాన్ కలిసిన సన్నటి రంధ్రాల పదార్థం) ఉత్ప్రేరకంగా వాడొచ్చు. జియోలైట్‌లోని ఆమ్లం గొలుసుల్ని తుంచి ఒలెఫిన్లు (జంట బంధమున్న హైడ్రోకార్బన్లు) చేసి, వాటిని వలయాలుగా కలుపుతుంది. ఊడిన హైడ్రోజన్‌ను జింకు వాయువుగా సాగనంపుతుంది. జింకు లేకపోతే ఆ హైడ్రోజన్ ఒలెఫిన్లకే అంటుకుని, సరుకంతా ప్రొపేన్ అయి కూర్చుంటుంది.

తంటా అంతా తూకం దగ్గర మొదలవుతుంది. మన కోస్తా గాలిలో సీసా మూత తీసి ఉంచితే జియోలైట్ నీళ్ళు తాగేస్తుంది. అందుకే 550 డిగ్రీల్లో కాల్చి, డెసికేటర్‌లో (తేమ చొరబడని మూత పాత్రలో) చల్లార్చి, వెంటనే తూచాలి. 10 గ్రాముల జియోలైట్‌కు 2 శాతం జింకు కావాలంటే జింక్ నైట్రేట్ హెక్సాహైడ్రేట్ 0.91 గ్రాములు. ఒక గ్రాము పొడి ఎంత నీరు పీలుస్తుందో ముందు విడిగా చూసుకుని, ఆ లెక్కన పట్టే నీళ్ళలోనే ఆ జింకు ఉప్పు కరిగించి చుక్కచుక్కగా కలపాలి. చలిమిడికి కొట్టిన తడిపిండిలా ఉండాలి: గ్లవ్సు వేసుకుని పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, వేలు తగిలితే విరగాలి. జారుగా అయిందంటే, ఆరేటప్పుడు జింకు గింజల పైకొచ్చి పేరుకుంటుంది. 110లో రాత్రంతా ఆరబెట్టి, నిమిషానికి 2 డిగ్రీల చొప్పున 550కి తీసుకెళ్ళి 5 గంటలు ఉంచాలి. ఎర్రటి పొగ వస్తుంది, ఫ్యూమ్ హుడ్ తప్పనిసరి.

పొడిని అలాగే రియాక్టర్లో పోస్తే గొట్టం పూడుకుపోతుంది. బిళ్ళలు నొక్కి, పగలగొట్టి, 20–40 మెష్ (అంగుళానికి అన్ని కళ్ళున్న జల్లెడల) మధ్య జల్లించిన పలుకులు 2 గ్రాములు చాలు. 500 డిగ్రీలు, మామూలు పీడనం, గంటకు సుమారు 2.9 మిల్లీలీటర్ల నాఫ్తా.

వాడగా బొగ్గు పట్టి నల్లబడిన ఉత్ప్రేరకాన్ని కాల్చి శుభ్రం చేసేటప్పుడు దాని మీదికి నేరుగా గాలి వదలకండి. బొగ్గు భగ్గున మండుతుంది, ఆ వేడికి పుట్టే ఆవిరి తోడై జియోలైట్‌లోని అల్యూమినియాన్ని పెరికేస్తుంది. నైట్రోజన్‌లో 1–2 శాతం ఆక్సిజన్‌తో 400 దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచాలి.

ఇక దిగుబడి. ద్రవంలో 80 శాతం ఆరోమాటిక్స్ అని మురిసిపోతారు గానీ, పోసిన నాఫ్తాలో ద్రవంగా దిగింది 40 శాతమే అయితే అసలు దిగుబడి 32. పైగా ఐసులో పెట్టిన ట్రాపును (ద్రవాన్ని పట్టే పాత్రను) కూడా దాటుకుని కొంత బెంజీన్ వాయువుతో వెళ్ళిపోతుంది. వాయువును కూడా జీసీలో (గ్యాస్ క్రొమటోగ్రాఫ్, మిశ్రమంలోని భాగాల్ని విడదీసి కొలిచే యంత్రంలో) పెట్టి లెక్క కలపాల్సిందే.