బొట్టు పెట్టని పిలుపు

పదకొండున్నర అయింది. వంటింట్లో కవర్లో నానిన శనగలు చూడగానే మళ్ళీ ఒళ్ళు మండింది. అందుకే ఈ టపా.

నిన్న అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్. "రేపు వరలక్ష్మీ వ్రతం. తాంబూలానికి 5 నుంచి 7 లోపు రాగలరు. డ్రెస్ కోడ్ ఆకుపచ్చ." గేటు రిపేరు డబ్బులడిగిన మెసేజ్ కిందే ఇదీ. లిఫ్టులో రెండంతస్తులు దిగొచ్చి పిలవలేదా ఆ పై అమ్మాయి? "బొటనవేలు బొమ్మ పెట్టెయ్, అయిపోతుంది" అన్నారు మావారు. ఆయన సంగతి మీకు తెలిసిందేగా.

వెళ్ళాను. ఆకుపచ్చ చీర ఉండి కూడా వంకాయ రంగుది కట్టుకున్నా. అమ్మవారి వెనక అద్దె పూల తెర, పక్కన రింగ్ లైటు. చారుమతి కథ యూట్యూబ్‌లో పెట్టుకుందట. మధ్యలో యాడ్ వస్తే చేతిలో అక్షింతలతోనే రిమోట్ వెతుక్కుందట. తొమ్మిది ముళ్ళ తోరం మాత్రం చక్కగా కట్టుకుంది, కాదనను. కాళ్ళకి పసుపు రాయలేదు. "టైల్స్ మరకలు పడతాయి ఆంటీ" అంది. ఆంటీ! నాకూ తనకీ ఆరేళ్ళే తేడా.

మా రాజమండ్రిలో ఇలాగా ఉండేది? శ్రావణ శుక్రవారం మధ్యాహ్నం అమ్మ కుంకుమ భరిణె నా చేతికిచ్చి పంపేది. ఎనిమిదేళ్ళదాన్ని, పట్టు పరికిణీ కాళ్ళకి అడ్డం పడుతుండేది. గుమ్మంలో నిలబడి "మా అమ్మ పేరంటానికి రమ్మంది" అంటే, నాకు అందదని వంగి మరీ బొట్టు పెట్టించుకునేవాళ్ళు. ఒకరింట్లో జామకాయ, ఇంకొకరింట్లో సున్నుండ. వీధి వీధంతా తిరిగొచ్చేసరికి చూపుడువేలు ఎర్రగా అయిపోయేది. పిలుపంటే అదీ అని రాద్దామనే కూర్చున్నా.

వీధంతా అన్నానా? కాదు. "మూలింటి పిన్నిగారింటికి వెళ్ళకే" అని అమ్మ ముందే చెప్పేది. ఒక ఏడు మర్చిపోయి వెళ్ళాను. ఆవిడ నా చేతిలో భరిణె చూసి, తనే మూత పెట్టి, "పక్కింటికి వెళ్ళమ్మా" అంది. వీరేశలింగం గారు 1881లో మొదటి వితంతు వివాహం జరిపించిన ఊరు మాది. నేను ఆ భరిణె పట్టుకుని తిరిగింది అది జరిగిన నూరేళ్ళు దాటాక.

ఇవాళ 302 ఆంటీ వచ్చారు. అంకుల్ పోయాక ఏ పేరంటంలోనూ ఆవిడ కనబడలేదు. గ్రూపులో పెడితే అందరికీ వెళ్తుంది కదా. ఆకుపచ్చ చీర కట్టుకుని సోఫా చివర కూర్చున్నారు. పై అమ్మాయి మాకు ఇచ్చినట్టే తాంబూలం, శనగలు ఇచ్చి కాళ్ళకి దండం పెట్టింది. కుంకుమ దగ్గర ఒక్క క్షణం తటపటాయించింది. ఆంటీయే వేలు ముంచి పెట్టుకున్నారు. నేను ఫోన్లోకి తలదూర్చాను.

అయినా డ్రెస్ కోడ్ మాత్రం నాకు నచ్చలేదు.

ఈ వారం కుదరక మా వ్రతం వచ్చే శుక్రవారానికి పెట్టుకున్నా. భరిణె తోమాను. 302 తలుపు కొట్టి బొట్టు పెట్టాలంటే చెయ్యి లేస్తుందో లేదో. గ్రూపులో పెట్టేస్తే ఏ గొడవా ఉండదు.

శనగలు ఫ్రిజ్‌లో పెట్టాలి, లేకపోతే పొద్దుటికి మొలకలొస్తాయి.