బయలాలకించుచు

గజేంద్ర మోక్షం పారాయణ చేసేవాళ్లు చాలామంది ఒకచోట గబుక్కున దాటేస్తారు. 'లావొక్కింతయు లేదు' పద్యం గొంతెత్తి చదువుతారు, కళ్లు తుడుచుకుంటారు, వెంటనే 'అల వైకుంఠపురంబులో' అందుకుంటారు. ఏనుగు పిలిచింది, స్వామి వచ్చేశాడు, మధ్యలో ఏమీ జరగనట్టే. మొన్న మా వీధిలో ఒకరింట్లో పారాయణకి పిలిస్తే వెళ్లాను, అక్కడా అంతే. ఆ రెండింటి మధ్య పోతన గారు రాసిన పద్యాలనూ, చిన్న వచనాన్నీ ఎవరూ చదవలేదు. అడిగితే "వచనమే కదా, టైమవుతోంది" అన్నారు ఒకావిడ. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. నెల రోజులుగా నేను ఉంటున్నది ఆ వచనంలోనే.

చెప్పడానికి సిగ్గుపడే విషయం. సిగ్గుపడే ఇన్ని రోజులు పోగొట్టుకున్నాను కాబట్టి ఇక చెప్పేస్తాను. నాకు యాభై ఆరేళ్లు. ముట్లు ఆగిపోయి నాలుగేళ్లు దాటింది. కార్తీక పౌర్ణమి నాడు తెల్లవారుజామున తలస్నానం చేసి, మూడు వందల అరవై ఐదు వత్తుల కట్ట నేతిలో నానబెట్టి, తులసికోట దగ్గరకు వెళ్లబోతూ చూసుకున్నాను. చీర మీద రూపాయి బిళ్లంత మరక. కాళ్లు అక్కడే ఆగిపోయాయి. నాలుగేళ్ల తర్వాత ఇదేమి ముట్టు? నాకు ముందు భయం వేయలేదు, మైల గుర్తొచ్చింది. దీపం ముట్టుకోకుండా గడప అవతల నిలబడ్డాను. మా వారే వెలిగించారు. ఆ వత్తులన్నీ ఒక్కసారిగా అంటుకుని మండుతుంటే దూరం నుంచి చూస్తూ ఏడ్చాను. దేవుడి దగ్గరకు పరిగెత్తాల్సిన రోజునే దేవుడికి దూరంగా నిలబడ్డానని ఏడుపు.

తర్వాత తెలిసింది, రోగం వల్ల కనిపించే రక్తానికి ఆ అశౌచం లేదని పరాశర స్మృతిలోనే ఉందట. మా పురోహితులు గారే చెప్పారు. "అమ్మా, అది ముట్టు కాదు, జబ్బు. జబ్బుతో ఉన్నవాళ్లు దీపం పెట్టుకోక ఎవరు పెట్టుకుంటారు?" అన్నారు. ఆ పెద్దాయనకు చేతులెత్తి దండం పెట్టాను. ఈ సంగతి తెలియక ఎంతమంది ఆడవాళ్లు మైల అనుకుని నోరు మూసుకుని ఉన్నారో! మైల అనుకుంటే డాక్టరు దగ్గరకు వెళ్లం కదా. మూడు రోజులు పక్కన కూర్చుంటాం, తలకు పోసుకుంటాం, అయిపోయిందనుకుంటాం. నేను అదే చేశాను. మా అత్తమ్మ "ఒంట్లో వేడి, మజ్జిగ తాగు" అంది. తాగాను. పది రోజులకు మళ్లీ కనిపించింది.

ఆఖరికి పక్కింటి అక్కకు చెప్పాను. ఆమె నర్సుగా చేసి రిటైర్ అయింది. "ముట్లాగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా చూపించుకోవాల్సిందేనే, ఇన్నాళ్లు ఏం చేశావు?" అని కోప్పడి తనే తీసుకెళ్లింది. స్కానింగ్‌లో గర్భసంచి లోపలి పొర పదకొండు మిల్లీమీటర్లు ఉందన్నారు. ముట్లు ఆగిన వాళ్లకు అది నాలుగు మిల్లీమీటర్ల లోపు ఉంటే నిశ్చింతట. క్యాన్సర్ కాదని తేల్చుకోవాలంటే ముక్క తీసి పరీక్షకు పంపాలి అన్నారు. 'కాదని తేల్చుకోవాలంటే' అన్నారు డాక్టరమ్మ. నా చెవికి క్యాన్సర్ ఒక్కటే వినబడింది.

ఆ ముక్కను ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బాలో వేసి ఇచ్చారు. తెల్ల మూత, లోపల నీళ్లలాంటి మందు, ఫార్మలిన్. డబ్బా మీద నా పేరు, వయసు రాసిన చీటీ అంటించి, మీరే ల్యాబులో ఇచ్చి రండి అన్నారు. మా వారు దాన్ని జేబు రుమాలులో చుట్టి, రెండు చేతులా పట్టుకుని ఆటోలో కూర్చున్నారు. గతుకు వచ్చినప్పుడల్లా గుండెలకు అదుముకున్నారు. నా ఒంట్లోంచి తీసిన గోరంత ముక్క, ముప్పై రెండేళ్ల కిందట మా అమ్మాయిని మోసిన సంచిలోది, ఆయన చేతుల్లో ఉంది. మేమిద్దరం ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు.

ల్యాబులో వాళ్లు వారం, పది రోజులు పడుతుందన్నారు. ఎందుకంత అని అక్కను అడిగితే విడమరిచి చెప్పింది. ఆ ముక్క ముందు మందులో నిలకడ కావాలి. తర్వాత దాన్ని మైనంలో పోసి దిమ్మలా గట్టిపరుస్తారు. దాని నుంచి వెంట్రుక కన్నా పల్చటి పొరలు కోస్తారు. వాటికి ఊదా రంగు, గులాబీ రంగు పట్టించి డాక్టరు మైక్రోస్కోపులో చూస్తారు. అనుమానం ఉంటే ఇంకో రకం రంగులతో మళ్లీ చూస్తారు, దానికి ఇంకొన్ని రోజులు. ఆలస్యమైతే చెడ్డ కబురని కాదు అంది. ఇంకొకటి కూడా చెప్పింది. ఇలా ముట్లాగాక రక్తం కనిపించినవాళ్లు నూరు మంది వస్తే, అందులో క్యాన్సర్ తేలేది సుమారు తొమ్మిది మందికేనట. మిగతావాళ్లలో ఎక్కువమందికి పొర పల్చబడి ఎండిపోవడమో, పిలక లాంటి చిన్న కండ పెరగడమో. ఆ తొమ్మిది మందిలోనూ ముందే పట్టుబడితే చాలామందికి ఆపరేషన్‌తోనే నయమైపోతుందట.

ఆ లెక్క విన్నాక ఒక పూట హాయిగా ఉన్నాను. రాత్రయ్యేసరికి ఆ తొమ్మిది మందిలోకి వెళ్లి కూర్చున్నాను.

ఇప్పుడు పద్యం దగ్గరికి వస్తాను. 'లావొక్కింతయు లేదు, ధైర్యము విలోలంబయ్యె, బ్రాణంబులున్ ఠావుల్ దప్పెను.' బడిలో కంఠతా పట్టినప్పుడు ఇది ప్రార్థన అనుకున్నాను. ఇప్పుడు చూస్తే ఆ ఏనుగు స్వామికి తన ఒంటి సంగతి ఉన్నదున్నట్టు చెబుతోంది. బలం లేదు, ధైర్యం ఊగిపోతోంది, ప్రాణాలు వాటి చోట్లలో లేవు, మూర్ఛ వస్తోంది, ఒళ్లు సొలిసింది. ఒక్కటి దాచలేదు. డాక్టరు ముందు కూర్చుని నేను దాచాను. "ఎన్ని రోజుల నుంచి?" అంటే "నిన్న మొన్నటి నుంచే" అన్నాను. ఏనుగుకు లేని సిగ్గు నాకెందుకు? శరణాగతి అని పెద్ద మాట అంటాం. దానికి ముందు మెట్టు ఉన్నదున్నట్టు చెప్పడమే అని నాకిప్పుడు అనిపిస్తోంది.

'ఠావుల్ దప్పెను' అన్న మాట చూడండి. రిపోర్టు కోసం ఎదురుచూసేవాళ్లకు ఈ మాట ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. గుండె గొంతులో ఉంటుంది, కడుపు పాదాల్లోకి జారుతుంది. పాలు పొయ్యి మీద పెట్టి ఎందుకు పెట్టానో మరిచిపోతాను. టెన్షన్ అని మనం అనేదాన్ని పోతన గారు ఎప్పుడో 'ప్రాణాలు ఠావులు తప్పడం' అని చెప్పేశారు.

సరే, అంతా చెప్పుకుంది, నీవే తప్ప ఇతఃపరం బెరుగ అంది. ఇక ప్రశాంతంగా ఉండాలి కదా? లేదు. వెంటనే వచ్చే కందం చూడండి. జీవుల మాటలు వింటాడట, పోరాని చోట్లకూ పోతాడట, పిలిస్తే ఓ అంటాడట, అన్నీ చూస్తాడట, 'సందేహమయ్యె గరుణావార్ధీ!' నువ్వు తప్ప నాకెవరూ లేరు అన్న నోటితోనే, ఆ ఊపిరిలోనే, నాకు అనుమానంగా ఉంది స్వామీ అంటోంది. అనుమానం వచ్చినందుకు స్వామి వెనక్కి పోలేదు. ఆ అనుమానాన్ని కూడా ఏనుగు ఆయనకే చెప్పుకుంది, కరుణావార్ధీ అని పిలిచి మరీ చెప్పుకుంది.

"ఇంత భక్తి ఉన్నదానివి, భయపడతావేంటి వదినా?" అని మా ఆడబిడ్డ అన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. ఇప్పుడైతే ఈ కందం చదివి వినిపిస్తాను.

ఇక ఆ వచనం. 'నింగి నిక్కి చూచుచు, నిట్టూర్పులు నిగిడించుచు, బయలాలకించుచు.' మూడే పనులు. మెడ చాచి ఆకాశం వైపు చూడటం, నిట్టూర్చడం, బయలును ఆలకించడం. అప్పటికి వైకుంఠంలో ఏం కదలికో ఏనుగుకు తెలియదు. మొసలి పట్టు వదల్లేదు. శంఖం వినబడలేదు, గరుడుడి రెక్కల చప్పుడు లేదు. ఏమీ లేని చోట చెవి పెట్టి వింటోంది. ఫోను పక్కనే పెట్టుకుని, మోగిందేమో అని మళ్లీ మళ్లీ చూసుకునే మనిషికి ఇంతకన్నా సరైన మాట ఉందా?

బయలు అంటే ఖాళీ అనే అనుకున్నాను చాలా ఏళ్లు. మా తాతయ్య అచల తత్త్వాలు, అంటే అచల మార్గం వాళ్లు పాడుకునే వేదాంతం పాటలు, పాడేవారు. ఆ తత్త్వాల్లో బయలు అంటే పరిపూర్ణం, అంతటా నిండినది, దానికి ఇవతల అవతల లేదు. చిన్నప్పుడు అర్థం కాక "ఖాళీ ఎలా నిండి ఉంటుంది తాతయ్యా?" అంటే నవ్వి ఊరుకునేవారు. ఆ మాటా ఈ మాటా ఇన్నేళ్లకు నాలో కలిశాయి. ఏనుగు ఆలకిస్తున్నది ఖాళీని కాదు, ఆయన్నే. ఇంకా రాలేదు అనుకుంటూ ఆయన్నే వింటోంది. పోతన గారు ఈ అర్థంతోనే రాశారని నేను అనను, నాకంత చదువు లేదు. కానీ మార్గశిరపు చలిలో తెల్లవారుజామున నాలుగున్నరకు దీపం పెట్టి, ఆ ఒక్క మాట దగ్గర ఆగి, ఏ చప్పుడూ లేని ఇంట్లో ఊరికే చెవి పెట్టి కూర్చుంటే, ప్రాణాలు ఒక్కొక్కటీ వాటి చోటుకు వచ్చి చేరుతున్నాయి. కాసేపే. అయినా చేరుతున్నాయి.

రాత్రుళ్లు మాత్రం కష్టం. దానికీ కథలోనే దారి కనబడింది. మొసలికి బలం నీళ్లలోనే. 'స్థానబలిమి గాని తన బలిమి గాదయా' అన్నాడు వేమన. భయానికి స్థానం రాత్రి రెండు గంటలకు పడక మీద, చేతిలో ఫోను. అక్కడ దానితో పెనుగులాడితే వెయ్యేళ్లయినా గెలవం. అందుకని లేచిపోతున్నాను. వంటింట్లో లైటు వేసుకుని చింతపండు గింజలు తీస్తాను, మరునాటి కూర తరుగుతాను. ఫోను దేవుడి గదిలో పెట్టేశాను. ఒడ్డు మీద ఆ భయం కాస్త చిన్నదిగానే కనిపిస్తుంది.

జనం మాటల గురించి రాయకూడదనుకున్నాను, ఆగలేకపోతున్నాను. ఈ స్తోత్రం పదకొండుసార్లు చదివితే రిపోర్టు నార్మల్ వస్తుంది, ఇంకో పదకొండు మందికి పంపండి అని మెసేజీలు. స్వామితో బేరమా? పంపకపోతే చక్రం వెయ్యడా? ఒకావిడ అయితే ఏ జన్మలో పాపమో అంది, నా ముందే. అమ్మా, గజేంద్రుడికీ పూర్వజన్మ ఉంది. ఇంద్రద్యుమ్నుడనే రాజు, అగస్త్యుడి శాపం. కానీ ఆ కథ ఎప్పుడు వస్తుంది? మొసలి తల తెగి, ఏనుగు గట్టెక్కాక వస్తుంది. స్వామి మడుగు ఒడ్డున నిలబడి, 'నీ శాపం సంగతి ముందు తేలనీ' అనలేదు. సిరికి కూడా చెప్పకుండా పరిగెత్తుకొచ్చాడు. అంత ఆత్రంగా వచ్చిన దేవుడి భక్తులం, జబ్బు మనిషిని పాపం లెక్క అడుగుతామా?

అక్కలారా, చెల్లెళ్లారా, బతిమాలుకుంటున్నాను. ముట్లాగాక ఒక్క మరక కనిపించినా దాచుకోకండి. వేడి అనుకోకండి, మైల అనుకోకండి. దీపం పెట్టుకుని, బొట్టు పెట్టుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి. ఎన్ని రోజులైందో నిజం చెప్పండి. ఇంట్లోవాళ్లకు చెప్పండి, పిల్లలకు చెప్పండి. బెంగుళూరులో ఉన్న మా అమ్మాయికి చెప్పకుండా పన్నెండు రోజులు నవ్వుతూ మాట్లాడాను. చెప్పాక అది ఏడ్చింది, నేనూ ఏడ్చాను, ఆ రాత్రి నాలుగు గంటలు నిద్రపోయాను.

రిపోర్టు బుధవారం అన్నారు. ఇవాళ ఆదివారం.

పారాయణ మధ్యలో ఆపితే మా అమ్మ ఒప్పుకునేది కాదు. "ఏనుగును నీళ్లలో వదిలేసి లేస్తావా?" అనేది. ఈ తెల్లవారుజామున ఆ వచనం దగ్గరకు వచ్చేసరికి నా గొంతు పూడుకుపోయింది. ముందుకు పోలేదు, లేవనూ లేను. వెనకాల మా వారు ఎప్పుడు వచ్చి కూర్చున్నారో తెలియదు. ఆయన ఏనాడూ పద్యం చదివిన మనిషి కాదు. చిన్నప్పుడు బడిలో నేర్చుకున్నది గుర్తు తెచ్చుకుంటూ, మెల్లగా, 'అల వైకుంఠపురంబులో నగరిలో' అని అందుకున్నారు. మధ్యలో రెండు మాటలు తప్పారు. నేను సరిచేయలేదు.