అక్కడ పది, ఇక్కడ నాలుగున్నర

ఆస్ట్రేలియాలో, విక్టోరియా రాష్ట్రంలో నేను పనిచేసిన సేంద్రియ కూరగాయల తోటలో పొద్దున్న పదింటికి టీ విరామం. దాన్ని వాళ్లు స్మోకో అంటారు. పొగ తాగే విరామంగా మొదలైందట. వేసవిలో అక్కడ పది అయితే విశాఖలో తెల్లవారుజామున నాలుగున్నర. ఆ వేళకి మా గాజువాక ఇంట్లో లేచి ఉండేది నాయనమ్మ ఒక్కర్తే. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, అడ్డపొగ వేసుకుని అరుగు మీద కూర్చునేది. అంటే ఇద్దరిదీ స్మోకోనే. మూడు నెలల పాటు నా కబుర్లన్నీ ఆవిడతోనే.

నేను వెళ్లింది వర్క్ అండ్ హాలిడే వీసా మీద. మనవాళ్లకి అది 2024లోనే మొదలైంది. ఏడాదికి 1,000 మందికే, అదీ లాటరీలో. రెండో ఏడాది కూడా ఉండాలంటే పెద్ద నగరాలకు దూరంగా మూడు నెలలు పొలం పని లాంటిది చెయ్యాలి. బీటెక్ చదివిన నేను గొప్పు పట్టడం అక్కడే నేర్చుకున్నాను. నాన్న కాలనీలో అందరికీ "అగ్రి కంపెనీలో చేస్తున్నాడు" అని చెప్పుకున్నాడు. నాయనమ్మ మాత్రం "ఆళ్ల మడిలో కలుపు తీస్తన్నాడు" అనేసేది.

ఆవిడ మాటే నిజం. సేంద్రియ సాగంటే ఏదో పెద్ద విద్య అనుకున్నాను. తీరా చూస్తే సగానికి పైగా కలుపు పనే. మందు కొట్టకూడదు కదా! క్యారెట్‌తో మరీ టెన్షన్. గింజ మొలవడానికి పది రోజుల పైనే పడుతుంది, ఈలోపే కలుపు లేచిపోతుంది. అందుకని క్యారెట్ మొలక పైకి రావడానికి కాస్త ముందు గ్యాస్ మంటతో మడి పైపైన కాలుస్తారు. లేత కలుపు వాడిపోతుంది, మట్టిలో ఉన్న మొలకకి ఏమీ కాదు. ఒక్క రోజు ఆలస్యమైతే క్యారెట్ కూడా పోతుంది. మేం ఒక మడి అలాగే తగలబెట్టాం. ఆ తర్వాత వచ్చే కలుపంతా చేత్తోనే. తైవాన్ అమ్మాయి, ఫ్రాన్స్ కుర్రాడు మోకాళ్ల మీద పాకుతూ తీసేవాళ్లు. నేను మన ఆడవాళ్లలాగా గొంతుక్కూర్చునేవాణ్ణి.

ఒకసారి పీకిన కలుపు బకెట్‌ని ఫోన్లో చూపించాను.

"ఏటిరా అది? పాయలకూర కాదేటి! పారేస్తన్నావా?"

నిజంగానే గంగపాయల కూర. ఆ సాయంత్రం కందిపప్పులో వేసి వండాను. తోటాయన రెండుసార్లు వడ్డించుకుని, మర్నాడు మళ్లీ ఆ మొక్కల్నే పీకమన్నాడు.

స్టీల్ ప్లాంట్‌కి భూములిచ్చిన ఊళ్లలో మాదొకటి. మడి పోయింది, భూములు పోయినవాళ్లకిచ్చే ఆర్-కార్డు మీద నాన్నకి ప్లాంట్‌లో ఉద్యోగం వచ్చింది. నాన్నకి మట్టి అంటే వదిలించుకున్న కష్టం. నాయనమ్మకి అలా కాదు. వంకాయకి పేనుబంక పడితే పొయ్యిలో బూడిద చల్లేవాళ్లమని చెప్పేది. అక్కడ సీతాకోకచిలుకలు గుడ్లు పెట్టకుండా క్యాబేజీ మడి మొత్తానికి వల కప్పుతారంటే, "ఆ వలెంత?" అని అడిగింది.

కూలి గంటకి దాదాపు 30 డాలర్లు, అందులో 15 శాతం పన్ను. రోజుకి మన లెక్కలో 11,000 రూపాయల పైమాటే చేతికొచ్చేది. అద్దె, తిండి అందులోంచే అనుకోండి.

మొన్న చెల్లి పెళ్లికని వచ్చాను. రాత్రి అరుగు మీద కూర్చుని ఉంటే నాయనమ్మ అడిగింది: "రోజుకి అంత కూలిచ్చి ఆళ్లు కూరలెంతకి అమ్ముతారు?"

శనివారం సంతలో క్యారెట్ కట్ట 5 డాలర్లన్నాను. వేళ్ల మీద లెక్క కట్టింది. "మరి ఆళ్లకేటి మిగుల్తాది?"

ఆ మాట నేనూ తోటాయన్ని అడిగాను. నవ్వాడు. మొగుడూ పెళ్లాల కష్టానికి కూలి లెక్కేసుకోరట. ఆయన భార్య వారానికి మూడు రోజులు టౌన్లో నర్సు పని చేస్తుంది, ఆ జీతంతోనే ఇల్లు గడుస్తుంది.

నాయనమ్మ కాసేపేమీ మాట్లాడలేదు. రెండు గేదెల పాలు ఇంటింటికీ పోసి, ఆ డబ్బుతో పిల్లల్ని చదివించిన మనిషి.

"ఓహో, అయితే ఆయమ్మ ఉద్యోగమే ఆళ్ల గేదె అన్నమాట" అంటూ అగ్గిపెట్టె కోసం తడుముకుంది.