క్రాస్‌హెడ్ బేరింగ్‌కి నీళ్లే పెద్ద శత్రువు

ఓడల్లోని పెద్ద టూ స్ట్రోక్ ఇంజిన్లలో, క్రాంక్‌షాఫ్ట్‌ని (ఇంజిన్ ప్రధాన ఇరుసుని) మోసే మెయిన్ బేరింగ్ కంటే, పిస్టన్ రాడ్‌ని కనెక్టింగ్ రాడ్‌తో కలిపే చోట ఉండే క్రాస్‌హెడ్ బేరింగ్ మీదే నాకు బెంగ ఎక్కువ. క్రాంక్‌షాఫ్ట్ గుండ్రంగా తిరుగుతూ ఆయిల్‌ని లోపలికి లాక్కుని పొర కట్టుకుంటుంది. క్రాస్‌హెడ్ దగ్గర ఉన్నది ఉయ్యాల ఊపు. ఊపు మారిన ప్రతిసారీ వేగం సున్నా, బరువేమో ఎప్పుడూ కింది షెల్ (బేరింగ్ కింది సగం) మీదే. బేరింగ్ గ్రూవ్‌లలోకి ఆయిల్ సరైన ప్రెషర్‌తో రాకపోతే పొర పలచబడి, లోపలి మెత్తటి లోహపు పూత వైట్ మెటల్ అరుగుతుంది.

బేరింగ్‌లకి తిరిగే సిస్టమ్ ఆయిల్లో నీళ్లు 0.2 శాతం లోపే ఉండాలి. 0.5 దగ్గరికొస్తే వెంటనే కారణం వెతకాలి: కూలర్ లీకా, ఆయిల్లోంచి నీళ్లు, మురికి తీసే ప్యూరిఫైయర్ సరిగా పనిచేయడం లేదా? తడి నిలిచిపోతే వైట్ మెటల్‌లోని తగరం ఆక్సైడ్ అయి, నల్లటి గట్టి పెచ్చు కడుతుంది. అది క్లియరెన్స్‌ని (పిన్‌కీ బేరింగ్‌కీ మధ్య సందుని) తినేసి, క్రాస్‌హెడ్ పిన్‌ని గీరేస్తుంది.

తనిఖీకి ఇంజిన్ ఆపాక కనీసం అరగంట క్రాంక్‌కేస్ (క్రాంక్‌షాఫ్ట్ ఉండే పెట్టె) తలుపులు తెరవకండి; వేడి ఆయిల్ ఆవిరికి గాలి తగిలితే పేలుడే. ఇంజిన్‌ని స్టార్ట్ చేసే గాలి (స్టార్టింగ్ ఎయిర్) మూసి, ఇంజిన్‌ని మెల్లగా తిప్పే టర్నింగ్ గేర్ వేశాకే లోపలికి. ముందు పంపు నడుస్తుండగా ఆయిల్ ధారలన్నీ ఒకేలా ఉన్నాయో లేదో చూడండి. తర్వాత పంపు ఆపి, అడుగున వెండిరంగు రేకులేమైనా (ఊడిన వైట్ మెటల్) పడ్డాయేమో వెతకండి. పై క్లియరెన్స్‌ని ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే పలచటి రేకులు) కొలిచి పాత రీడింగ్ పక్కన రాయండి. వీటిలో ఎక్కడైనా తేడా కనిపిస్తేనే బేరింగ్ విప్పాలి. బాగున్నదాన్ని ఊరికే విప్పితే చెత్త చేరుతుంది.