పదో మెట్టు కుడిచేతికి

శనివారం, బరంపురం

పొద్దుటి నుంచి ముసురు. పియానో మూత తీసి వాయించగానే తెలిసింది, నడిమి సీ పక్కనున్న డీ మెట్టు నొక్కితే నెమ్మదిగా లేస్తోంది. ఈ సముద్రపు గాలికి మెట్టు కింద పిన్ను చుట్టూ ఉండే ఫెల్టు ఉబ్బి పట్టేస్తుంది. నొప్పి ఉన్న చేతికి అలాంటి మెట్టు మరీ చెడ్డది. త్వరగా లేవని మెట్టును వేళ్ళు తెలియకుండానే గట్టిగా నొక్కుతాయి. అందుకని ఇవాళ్టి పాఠాలన్నీ డిజిటల్ కీబోర్డు మీదే.

ఛత్రపురం నుంచి వచ్చే పెద్దావిడ పది గంటలకల్లా వచ్చారు. రేపు చర్చిలో వాయించాలి. "ఎడమ బొటనవేలు మొదట్లో పొడుస్తోంది మాస్టారూ, ఆక్టేవ్ పట్టుకుని ఆగానంటే ఇంక పట్టలేను" అన్నారు. ఆక్టేవ్ అంటే ఒక స్వరం నుంచి ఎనిమిదో తెల్ల మెట్టు మీద మళ్ళీ అదే స్వరం దాకా. ఆవిడ మాటల్లోనే అసలు సంగతి ఉంది: పట్టుకుని ఆగడం. చెయ్యి చాచి వాయించి వెంటనే వదిలేస్తే బొటనవేలి కీలు ఓర్చుకుంటుంది. చాచి నిలబెడితే ఓర్చుకోదు. తెల్ల మెట్టు వెడల్పు దాదాపు 23.5 మిల్లీమీటర్లు, అంటే ఆక్టేవ్‌కి మెట్టు మధ్య నుంచి మెట్టు మధ్యకి పదహారున్నర సెంటీమీటర్లు, పదో మెట్టుకి ఇరవై ఒకటి. చేతి జాన కొలిచేటప్పుడు గాలిలో కొలవకూడదు. మెట్ల మీద పెట్టి, మణికట్టు వదులుగా ఉంచి కొలవాలి. ఆక్టేవ్ మెట్ల అంచు మీదే అందుతుంటే, ఆ చేతికి అది అందనట్టే లెక్క.

నాలుగు గొంతుల చర్చి పాటల పుస్తకం తెరిచి ఒక్క కార్డ్ (కలిసి పలికే స్వరాల గుత్తి) దగ్గరే చాలాసేపు కూర్చున్నాం. జీ మేజర్. ఎడమచేతికి కింద జీ, దానికి పదో మెట్టు మీద బీ. కుడిచేతికి డీ, పైన జీ. అచ్చులో రెండు స్వరాలు ఎడమచేతి గీతల మీద ఉన్నాయి కదా అని రెండూ ఎడమచేతితోనే వాయించాలని ఎక్కడా లేదు. ఆ బీని కుడి బొటనవేలికి ఇచ్చాం. బీ, డీ, జీ కలిపి ఆరు మెట్లే, 1, 2, 5 వేళ్ళ (బొటనవేలు, చూపుడువేలు, చిటికెన వేలు) కిందికి హాయిగా వస్తాయి. ఎడమచేతికి ఒక్క జీ మిగిలింది. దాన్ని అలవాటుగా చిటికెన వేలితో వాయించారు, పలచగా పలికింది. చాచే పనే లేనప్పుడు చిటికెన వేలెందుకు? మూడో వేలు పెట్టి, మోచేతి బరువు దాని మీదికి దించమన్నాను. బాస్, అంటే అట్టడుగు స్వరం, నిండుగా వచ్చింది. ఆవిడ ముఖం చూడాలి అప్పుడు!

పై గొంతు పై డీ దాకా ఎక్కినచోట కుడిచేతికి కూడా బీ అందదు. అక్కడ బీని ఒక ఆక్టేవ్ పైకి తెచ్చుకుంటే జీ, బీ, డీ పక్కపక్కనే కూర్చుంటాయి. ఇంకా బరువైన కార్డ్‌లో ఏదో ఒకటి వదలక తప్పదంటే, రెండుసార్లు వచ్చిన స్వరాన్ని వదలాలి, లేదంటే కార్డ్ పేరున్న స్వరం నుంచి లెక్కిస్తే ఐదోదాన్ని (జీ మేజర్‌లో డీ). మూడోదాన్ని (బీ) మాత్రం వదలకూడదు. కార్డ్ మేజరో మైనరో చెప్పేది అదే.

విరిచి వాయించడం, అంటే కార్డ్ స్వరాలను కింది నుంచి పైకి ఒకదాని వెంట ఒకటి పలికించడం, ఇంకో దారి. రష్యన్ స్వరకర్త రక్మానినోవ్ రెండో పియానో కన్సర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి వాయించేది) మొదట్లోనే ఎడమచేతికి పదో మెట్టు దాకా కార్డ్‌లు ఉంటాయి, పేరున్న పియానిస్టులు చాలామంది వాటిని విరిచే వాయిస్తారు. అయిదడుగుల ఎత్తు కూడా లేని పియానిస్టు అలిసియా డి లారోచా ఆయన మూడో కన్సర్టో వాయించారు. చేతులు చిన్నవైన పియానిస్టు జోసెఫ్ హాఫ్‌మన్ కోసం స్టెయిన్‌వే కంపెనీ సన్న మెట్ల పియానోలు చేసింది. చెయ్యి చిన్నదని సిగ్గుపడే పిల్లలకు ఈ సంగతులు చెప్పి తీరాలి.

విరిచేటప్పుడు తప్పు జరిగేది వేళ్ళ దగ్గర కాదు, పాదం దగ్గర. అందరూ పై స్వరం పలికాక పెడల్ (స్వరాలను మోగుతూ నిలిపి ఉంచేది) తొక్కుతారు. అప్పటికి ఎడమచెయ్యి బాస్ వదిలేసి ఉంటుంది, కార్డ్‌కి కింద నేల ఉండదు. బాస్ పలికిన క్షణంలో పాత పెడల్ లేవాలి, ఆ మెట్టు ఇంకా వేలి కింద ఉండగానే మళ్ళీ దిగాలి, ఆ తర్వాతే మిగతా స్వరాలు. పెడల్ ఎత్తడం ఆలస్యమైతే వెనకటి కార్డ్ కలిసి బురదవుతుంది. ఎడమచేతి బాస్, పాదం రెండే కలిపి ఇరవైసార్లు చేయించాను, కుడిచెయ్యి ఒళ్ళోనే.

సాయంత్రం ఇంటర్ అమ్మాయి, బేతోవెన్ పథెటిక్ సొనాటా. మొదటి భాగంలో ఎడమచేతి ఆక్టేవ్ ట్రెమొలో (ఆక్టేవ్ రెండు స్వరాలనూ మార్చి మార్చి వేగంగా వాయించడం) ఒక పేజీ అయ్యేసరికి ముంజేయి మండుతోందట. వేళ్ళు ఎత్తి ఎత్తి కొడుతోంది. తాళంచెవి తిప్పినట్టు ముంజేయి తిరగాలి, వేళ్ళు మెట్లను వదలకూడదు, బొటనవేలి స్వరం బాస్‌లో సగం బలంతో చాలు. ఒక్కో బార్ (తాళం గడి) చివర బొటనవేలి స్వరం ఒకటి ఎగ్గొట్టి మణికట్టు కిందికి వదలమన్నాను. ఆ వేగంలో ఎవరి చెవికీ అందదు. వారం పాటు నాలుగు బార్లు, ఆగడం, మళ్ళీ నాలుగు. మంట మొదలైతే ఆ పూటకి అంతే.

పెద్దావిడ పుస్తకంలో కుడిచేతికి మార్చిన స్వరాలన్నిటికీ పెన్సిల్‌తో పైకి బాణం గీశాను. మూడో చరణంలో రెండు మిగిలాయి. రేపు ఎనిమిదింటి లోపు ఫోన్‌లో చెప్పాలి.