గిన్నె మీద ఊదిన మా మనవరాలు

మా అమ్మాయి కూతురికి నాలుగేళ్ళు నిండాయి, అమ్మాయీ అల్లుడూ ఇద్దరూ ఆఫీసులకి వెళ్ళిపోతారు కాబట్టి పగలంతా అది నా కొంగు పట్టుకునే తిరుగుతుంది, పూజ దగ్గర కూడా నా పక్కనే పీట వేసుకుంటుంది.

మొన్న శుక్రవారం పొంగలి నైవేద్యం పెట్టి నీళ్ళు తిప్పి కళ్ళు మూసుకుని "ఓం ప్రాణాయ స్వాహా" అంటున్నానా, పక్కనుంచి ఉఫ్ ఉఫ్ అని చప్పుడు. చూస్తే ఇది గిన్నె మీదకి వంగి ఊదుతోంది. ఏంటే అది అంటే "వేడిగా ఉంది అమ్మమ్మా, సామికి నోరు కాలదూ?" అంది. మా అత్తగారుంటే ఎంగిలైందని మళ్ళీ వండించేవారు, నాకైతే ఆ గిన్నె అక్కణ్ణించి తియ్యబుద్ధి కాలేదు. దానికి అక్కడ పటం లేదండీ, ఆకలితో కూర్చున్న మనిషే ఉన్నాడు. భక్తంటే ముందు ఆ నమ్మకమే కదా, తర్వాతే మంత్రం.

భాగవతం ఏకాదశ స్కంధంలో అవధూత యదు మహారాజుకి తన 24 మంది గురువుల గురించి చెప్తాడు, భూమి, గాలి, తేనెటీగ, కొండచిలువ ఇలా, వాళ్ళలో పసిపిల్లవాడు కూడా ఒక గురువే. పిల్లవాడికి మానం అవమానం పట్టవు, ఏ చింతా లేకుండా ఆనందంలో ఉండేది ఇద్దరే, ఒకడు ఏమీ తెలియని పసివాడు, ఇంకొకడు సత్త్వం, రజస్సు, తమస్సు అనే మూడు గుణాలూ దాటిపోయినవాడు అంటాడు. ప్రవచనాల్లో ఎన్నిసార్లు విన్నానో, ఇంట్లో ఈ పిల్ల తిరుగుతుంటే ఇప్పుడు అర్థమవుతోంది. వాళ్ళమ్మ ఫోన్ లాక్కుంటే ఇల్లు ఎగిరిపోయేలా ఏడుస్తుంది, కాసేపటికి అదే అమ్మ ఒళ్ళో పడుకుని గాజులు లెక్కపెడుతుంటుంది. పోనీలే అని సర్దుకోవడం కాదది, లోపల ఏమీ మిగలకపోవడం. పెద్దవాళ్ళం మాత్రం క్షమించేశాం అంటూనే ఏ పెళ్ళిలో ఎవరు పలకరించలేదో వివరంగా చెప్తాం.

రాత్రిళ్ళు దానికి ప్రహ్లాదుడి కథ చెప్తున్నాను. ఏనుగులతో తొక్కించడం, పాములతో కరిపించడం అన్నీ అయ్యి స్తంభం పగిలి నరసింహస్వామి వచ్చేదాకా ఊపిరి బిగబట్టి వింది. మామూలుగా ఇళ్ళల్లో కథ అక్కడితో అయిపోతుంది. ఇది మాత్రం "మరి ప్రహ్లాదుడికి వాళ్ళ నాన్న మీద కోపం పోయిందా?" అని అడిగింది. ఎంత పెద్ద ప్రశ్నో చూడండి! స్వామి వరం కోరుకోమంటే ఆ పిల్లవాడు, నా మనసులో అసలు కోరికలే పుట్టకుండా చెయ్యమన్నాడు, తర్వాత, మా నాన్న తెలియక నిన్ను తిట్టాడు, ఆ పాపం పోగొట్టమన్నాడు. నీ తండ్రి 21 తరాలతో సహా పవిత్రుడయ్యాడని స్వామి మాటిచ్చాడు. అన్ని బాధలు పెట్టిన తండ్రి కోసం అడిగిన వరం అది, నాకైతే స్తంభం పగలడం కన్నా ఇదే పెద్ద అద్భుతం.

ఇప్పుడు ఆ వరం ముక్క చెప్పందే అది నిద్రపోదు. "నాన్న మంచివాడైపోయాడు కదా" అని రెండుమూడు సార్లు అడిగి ఖాయం చేసుకుని, అప్పుడు కళ్ళు మూస్తుంది.