దింపు రోజు

పొద్దున ఆరున్నరకే కొబ్బరికాయల దింపు వాళ్లొచ్చారు. రెండు నెలలకోసారి వచ్చేదే. కానీ ఇవాళ నాన్నగారు తోటలోకి దిగలేదు, ఆయాసంతో అరుగు మీదే కూర్చున్నారు. తోటలో ధబ్బుమని గెల పడింది. "అది కాలవగట్టు చెట్టు. ఈసారి కాపు తగ్గింది" అన్నారు. వెళ్లి చూశాను, నిజమే. నూట పన్నెండు చెట్లూ ఆయనకి మనుషుల్లాగే గుర్తు. 1996 నవంబరు తుఫానుకి ఏవి పడిపోయాయో, వాటి చోట ఏవి పెట్టారో, అన్నీ నోటికే చెప్తారు.

నాలుగు నెలలు టీబీ అనుకున్నాం. దగ్గు, సాయంత్రానికి ఒళ్లు వెచ్చబడటం, ఎక్స్‌రేలో మచ్చ. కళ్లె పరీక్షలో ఏమీ తేలకపోయినా టీబీ మందులే మింగించారు. ఆ నాలుగు నెలలూ తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది. చివరికి కాకినాడలో బయాప్సీ, అంటే గడ్డలోంచి చిన్న ముక్క తీసి చేసే పరీక్ష, చేయించాం. ఆ ముక్కని ఇంకో పరీక్షకి పంపితే ఏఎల్‌కే పాజిటివ్ అని వచ్చింది. ఊపిరితిత్తుల క్యాన్సర్ ఉన్న వందమందిలో ఏ నలుగురైదుగురికో ఉండే రకం. ఏఎల్‌కే అనే జన్యువు తెగి ఇంకో దానికి తప్పుగా అతుక్కోవడం వల్ల వస్తుంది. 2007లో జపాన్ వాళ్లు కనిపెట్టారు. పొగ తాగని వాళ్లలోనే ఎక్కువ కనిపిస్తుంది. చూడటానికొచ్చిన ప్రతివాళ్లూ "చుట్ట కాల్చేవారా?" అని అడుగుతుంటే అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోతోంది. ఆయన జన్మలో చుట్ట ముట్టలేదు. ఆ మార్పు గడ్డలోనే ఉంటుంది, పిల్లలకి రాదు అని డాక్టరుగారు చెప్పాక తమ్ముడు కాస్త కుదుటపడ్డాడు.

గురువారం డాక్టరుగారు రెండు మందుల పేర్లు రాసిచ్చారు. కీమో ఇప్పుడే అక్కర్లేదన్నారు. మావయ్య పట్టుబట్టిన ఇమ్యూనోథెరపీ, అంటే ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదకి ఉసిగొలిపే వైద్యం, ఈ రకానికి పెద్దగా పనిచేయదన్నారు. అలెక్టినిబ్ అయితే పొద్దున నాలుగు, రాత్రి నాలుగు క్యాప్సూళ్లు, తిండితో పాటే వేసుకోవాలి. మొదట్లో రెండు వారాలకోసారి లివర్ పరీక్ష. మలబద్ధకం, కండరాల నొప్పులు రావచ్చు. ఎండ తగిలితే చర్మం కమిలిపోతుంది కాబట్టి ఎండలో తిరగకూడదు. లోర్లాటినిబ్ అయితే రోజుకి ఒక్క మాత్రే. 2024లో వచ్చిన ఐదేళ్ల ఫలితాల్లో, అది వాడినవాళ్లలో నూటికి అరవై మందికి జబ్బు ముదరలేదు. ఆ అంకె చూడగానే నా మనసు దాని మీదకే పోయింది. కానీ కొలెస్ట్రాల్ బాగా పెరుగుతుంది, కొందరికి మతిమరుపు, మాట తడబాటు, చిరాకు వస్తాయి. "మెదడు ఎమ్మారై బాగుంది. ముందు అలెక్టినిబ్ వాడితే రెండోది తర్వాతకి ఉంటుంది. ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి" అన్నారు.

ఇంట్లో మాట్లాడుకోవడమంటే నేనూ తమ్ముడూ మూడు రాత్రులు ఫోన్లో వాదించుకోవడమే అయింది. 2025 సెప్టెంబరు 22 నుంచి అలెక్టినిబ్ మీద జీఎస్టీ ఎత్తేశారు, అయినా మాకు తలకి మించిన ఖర్చే. కానీ మా గొడవ డబ్బు గురించి కాదు. నాన్నగారికి మేం గడ్డ అని మాత్రమే చెప్పాం. మింగాల్సిందీ భరించాల్సిందీ ఆయనైతే ఆయన్నే అడగకపోవడం ఏమిటని మూడు రాత్రులూ నిద్ర పట్టలేదు.

మధ్యాహ్నం అన్నాలయ్యాక చెప్పేశాను. ఆ మాట నోట్లోంచి వచ్చేసరికి నాకు చేతులు వణికాయి. ఆయన మజ్జిగ గ్లాసు కింద పెట్టి, "బయాప్సీ కాగితం మీద సంతకం పెట్టింది నేనే కదమ్మా" అన్నారు. రెండు మందుల సంగతీ మొత్తం విన్నారు. ఎన్నేళ్లు అని అడగలేదు.

"ఆ రోజుకొకటి వేసుకునే దాంతో మర్చిపోతానా?"

"అందరికీ అలా అవదండీ నాన్నగారూ. కొందరికి."

కాసేపు తోటవైపు చూశారు. "ఎండ లేకపోయినా ఫర్వాలేదు. అరుగు మీద కూర్చుంటాను. నాకు నా చెట్లూ, మీ పేర్లూ గుర్తుండాలి. ఎనిమిది గొట్టాలదే రాయించు."

తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు ఏడ్చి, సరే అక్కా అన్నాడు.

"మందు ఎప్పుడొస్తుంది?" అని అడిగారు నాన్నగారు. మంగళవారమని చెప్పాను.

"అయితే ఇవాళ ఎండలో ఉండొచ్చు కదా."

తలకి తువ్వాలు చుట్టుకుని, నా భుజం పట్టుకుని రెండుచోట్ల ఆగి రాశి దగ్గరికి వచ్చారు. అప్పుడే కాయ లెక్క మొదలైంది. చేతికి రెండేసి కాయలు తీసి అవతలికి విసురుతూ, వంద అయినప్పుడల్లా గుర్తుకి ఒక కాయ పక్కన పెడతారు. నీడలోకి రమ్మన్నా నాన్నగారు రాలేదు, మెడ మీద చెమట తుడుచుకుంటూ నిలబడే ఉన్నారు. అంతా అయ్యాక మేస్త్రీ, "పదకొండు వందల నలభై అండీ" అన్నాడు.

"కాదబ్బాయ్. ఏడో వందకి నువ్వు దగ్గొచ్చి ఆగావు. కాయ పక్కన పెట్టలేదు."

మళ్లీ మొదట్నుంచీ లెక్కపెట్టారు. పన్నెండు వందల నలభై.